బెజవాడ ఎండల్లో కమేలియన్: దేనికి ఖర్చు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

కమేలియన్‌ని, అంటే విదేశీ ఊసరవెల్లిని, పెంచుకోవాలన్న ఆలోచన రాగానే అందరూ ముందు వెతికేది హీట్ బల్బు. విదేశీ వీడియోల్లో మొదట చూపించేది అదే కాబట్టి. ఆ వీడియోలు తీసేవాళ్ల గదిలో చలికాలం 18 డిగ్రీలు ఉంటుంది. వాళ్లు వేడిని కొనుక్కోక తప్పదు. మనకి మే నెలలో రాత్రి పదింటికి కూడా డాబా గోడ మీద చెయ్యి పెడితే సుర్రుమంటుంది. విజయవాడ, గుంటూరుల్లో ఉండేవాళ్లు ఆ కొనుగోలు జాబితాని తలకిందులు చెయ్యాలి. వేడికి పెట్టే డబ్బు బాగా తగ్గించి, దాన్ని మంచి యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ట్యూబుకి, వేసవిలో గది చల్లగా ఉంచడానికి, దాని మేతకి వాడే పురుగులకి పెట్టే ఆకులకి మళ్లించాలి. ఇక్కడ కమేలియన్లు చలికి చచ్చిపోవు. ఎండ దెబ్బకో, ఎముకలు మెత్తబడో పోతాయి.

ముందు ఏ జంతువో తేల్చుకోండి

మన పొలం గట్ల మీద, తుమ్మ చెట్ల మీద కనిపించే ఊసరవెల్లిని తెచ్చి పెంచుకోవడం కుదరదు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం అన్నీ నేరమే. "పిల్లప్పుడే దొరికింది, అలవాటైపోయింది" అన్నా చట్టం ఒప్పుకోదు. ఎవరైనా చవగ్గా ఇస్తానంటే ఆ మాట అక్కడితో ఆపేయండి.

పెంచుకోదగ్గవి విదేశీ జాతులు, అవి కూడా బోనుల్లో పుట్టినవే. కమేలియన్లు అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైటిస్ పరిధిలోకి వస్తాయి కాబట్టి 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి. కొన్న 30 రోజుల్లోగా ఆ పని అయిపోవాలి. అమ్మేవాడి దగ్గర అతని పేరు మీద నమోదు కాగితం ఉందా అని అడగండి. నీళ్లు నమిలితే బయటికి వచ్చేయండి.

ఇక ఎంపిక. జాక్సన్స్ కమేలియన్ చూడ్డానికి ముద్దొస్తుంది. మగదానికి మూడు కొమ్ములుంటాయి. కానీ అది కెన్యా, టాంజానియా కొండల జంతువు. పగలు 20, 25 డిగ్రీల మధ్య, రాత్రి ఇంకా చల్లగా ఉండాలి. మన ఊళ్లో దాన్ని పెట్టుకుంటే ఏడాదిలో ఎక్కువ భాగం ఏసీ ఆపే పనుండదు. నా మాట వింటే దాని జోలికి పోవద్దు. పాంథర్ కమేలియన్ మడగాస్కర్ తీరం వైపు జంతువు. రంగుల్లో దానికి సాటి లేదు, మన తేమ వాతావరణం దానికి కొత్త కాదు. కానీ ధర ఎక్కువ. వీల్డ్ కమేలియన్‌ది యెమెన్, సౌదీ అరేబియా. తల మీద కిరీటంలా ఎత్తుగా ఉంటుంది, ఈ మూడింటిలో గట్టి ప్రాణం. మొదటిసారి పెంచేవాళ్లకి మగ వీల్డ్ సరైనది.

మగది అని ఎందుకంటున్నానంటే, ఆడ వీల్డ్ మగదాని తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. మేత ఎక్కువై, వేడి ఎక్కువైతే ఒక్కో విడతకి యాభై పైన కూడా పెడుతుంది. ఆ గుడ్లకి కావాల్సిన కాల్షియం దాని ఎముకల్లోంచే పోతుంది. గుడ్డు బయటికి రాక లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. దానికోసం తడి ఇసుక లోతుగా పోసిన తొట్టి ఎప్పుడూ బోనులో ఉండాలి. అనుభవం వచ్చాక చూసుకోవచ్చు.

లైటు: ఇక్కడ మాత్రం బేరమాడొద్దు

కమేలియన్ చర్మం మీద యూవీబీ కిరణాలు పడితేనే దాని ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. డి3 ఉంటేనే తిన్న కాల్షియం ఎముకకి పడుతుంది. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం తెగినా కాళ్లు వంకర పోతాయి, దవడ రబ్బరులా మెత్తబడుతుంది, నాలుక విసరలేక పురుగు ముందు నోరు తెరిచి ఊరుకుంటుంది. ఆ దశలో లైటు మార్చడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు.

మార్కెట్‌లో దొరికేవి నాలుగు రకాలు. మెలికలు తిరిగిన కాంపాక్ట్ బల్బు అన్నిటికన్నా చవక. మామూలు హోల్డర్‌లో పెట్టుకోవచ్చు కాబట్టి చాలామంది అదే కొంటారు. దాని యూవీబీ కొంచెం మేరకే పడుతుంది, జానెడు దూరం దాటితే పెద్దగా మిగలదు. కమేలియన్ బోను ఎత్తుగా ఉంటుంది, జంతువు అటూ ఇటూ తిరుగుతుంది. దానికి ఈ బల్బు చాలదు. మెర్క్యురీ వేపర్ బల్బు వేడినీ యూవీబీనీ కలిపి ఇస్తుంది. చలి దేశాల్లో అది సుఖం. మనకి అదే దోషం, ఎందుకంటే వేసవిలో వేడి తీసేయాలంటే యూవీబీ కూడా తీసేయాల్సి వస్తుంది. టీ8 అనే లావు ట్యూబు పనికొస్తుంది కానీ బలహీనం, ఆరు నెలలకోసారి మార్చాలి.

మిగిలింది టీ5 హెచ్‌ఓ ట్యూబు, అంటే సన్నగా ఉండి ఎక్కువ బలంగా వెలిగే (హై అవుట్‌పుట్) రకం. ఆర్కేడియా వాళ్ల 6 శాతం ట్యూబు గానీ, జూమెడ్ వాళ్ల రెప్టిసన్ 5.0 గానీ తీసుకోండి. రెండూ దాదాపు ఒకే బలం. వెనక అద్దంలా మెరిసే రిఫ్లెక్టర్ ఉండాలి. వీల్డ్‌కి, పాంథర్‌కి ఎండ కాచుకునే కొమ్మ దగ్గర యూవీ ఇండెక్స్ (ఆ కిరణాల బలానికి కొలత) 3 దగ్గర ఉంటే చాలు. బోను పైనున్న మెష్ (సన్నటి వల) మీద ట్యూబు పెట్టినప్పుడు ఆ కొమ్మ మీద కూర్చున్న జంతువు వీపు ట్యూబుకి ఎనిమిది, పది అంగుళాల దూరంలో ఉండేలా కొమ్మ కట్టండి. మెష్ దట్టాన్ని బట్టి కిరణాల్లో మూడో వంతు నుంచి సగం దాకా ఆగిపోతాయి కాబట్టి ఈ దూరం అందరికీ ఒకేలా ఉండదు. ఈ ఇండెక్స్‌ని కొలిచే సోలార్‌మీటర్ 6.5 ఉన్నవాళ్లు దొరికితే ఒక్కసారి కొలిపించుకోండి. కొనాలంటే ట్యూబు కన్నా అదే ఖరీదు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, ఎలక్ట్రికల్ షాపులో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 24 వాట్ల హెచ్‌ఓ ట్యూబు, ఇళ్లలో వాడే మామూలు 14 వాట్ల టీ5 ట్యూబు రెండూ ఒకే పొడవు, దాదాపు 55 సెంటీమీటర్లు. పిన్నులు కూడా ఒకటే. కాబట్టి ఖరీదైన యూవీబీ ట్యూబుని పాత 14 వాట్ల పట్టీలో దూరిస్తే సరిగ్గా కూర్చుంటుంది, వెలుగుతుంది కూడా. కానీ లోపలి చోక్ దానికి కావాల్సిన కరెంటు ఇవ్వదు. వెలుగు కంటికి బాగానే కనిపిస్తుంది, యూవీబీ మాత్రం సగానికి పడిపోతుంది. పట్టీ కొనేటప్పుడు వెనక స్టిక్కర్ మీద 24 వాట్లు, హెచ్‌ఓ అని రాసి ఉందో లేదో చూడండి. రెండడుగుల బోనుకి ఈ సైజు సరిపోతుంది. రోజుకి 12 గంటలు వెలిగించినా నెలకి తొమ్మిది యూనిట్ల లోపే కాలుతుంది, కరెంటు బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు.

కొన్నిటిని పొరపాటున కూడా తేవద్దు. నీళ్ల ఫిల్టర్‌లో, అక్వేరియంలో క్రిములు చంపడానికి వాడే యూవీ లైటు యూవీసీది. అది కళ్లనీ చర్మాన్నీ కాల్చేస్తుంది. దోమల మిషన్‌లోని నీలి ట్యూబులో యూవీబీ ఉండదు. మామూలు ఎల్‌ఈడీ ట్యూబులోనూ ఉండదు, కానీ అది వేరే పనికి బాగుంటుంది: 6500కె తెల్ల ఎల్‌ఈడీ ఒకటి పక్కన పెడితే బోనులో మొక్కలు బతుకుతాయి, జంతువు చురుగ్గా తిరుగుతుంది. రాత్రి మాత్రం అన్నీ ఆపేయాలి. ఎర్ర బల్బు, నీలం బల్బు కనపడవులే అంటారు, దానికి కనపడతాయి. నిద్ర చెడుతుంది.

"ఇంత ఎండ పెట్టుకుని ట్యూబు ఎందుకండీ?" అని గుంటూరులో ఒకాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ట్యూబు కన్నా సూర్యుడే మేలు, సందేహం లేదు. ఇబ్బంది వేళతోనే. వేసవి మధ్యాహ్నం మనకి యూవీ ఇండెక్స్ 11 దాటుతుంది. జంతువుకి కావాల్సింది 3. వేసవిలో ఉదయం ఎనిమిది లోపు, చలికాలంలో తొమ్మిది తర్వాత కాసేపు బాల్కనీలో మెష్ బోను పెట్టి, సగం బోనుకి నీడ ఉండేలా చూస్తే చక్కగా సరిపోతుంది. అద్దాల తొట్టిలో పెట్టి ఎండలో ఉంచితే పావుగంటలో ఉడికిపోతుంది. కిటికీ అద్దంలోంచి పడే ఎండలో వేడి వస్తుంది, యూవీబీ రాదు. పక్కన కాపలా కూడా ఉండాలి, బెజవాడ కాకులకి మెష్ ఒక లెక్క కాదు. రోజూ తప్పకుండా ఇది చేయగలిగితే ట్యూబు మీద ఆధారం తగ్గుతుంది. ఆఫీసుకి పరిగెత్తేవాళ్లకి కుదరదు, ముసురు పట్టిన వారాల్లో ఎవరికీ కుదరదు. అందుకని ట్యూబు ఉండాల్సిందే, ఎండ దొరికిన రోజు అదనం.

ట్యూబు వెలుగుతున్నంత కాలం పనిచేస్తున్నట్టు కాదు. టీ5లో కూడా ఏడాది తిరిగేసరికి యూవీబీ తగ్గిపోతుంది. పెట్టిన రోజే మార్కర్‌తో చివర తేదీ రాసేయండి.

వేడి: నాలుగు నెలలు కొంచెం, ఎనిమిది నెలలు సున్నా

మగ వీల్డ్‌కి ఎండ కాచుకునే చోట 29 నుంచి 32 డిగ్రీలు, బోను మిగతా భాగంలో 22 నుంచి 27, రాత్రికి ఇంకా తక్కువ కావాలి. ఇప్పుడు మన క్యాలెండర్ చూడండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం పూట గది చల్లగా ఉంటుంది, జనవరి రాత్రుల్లో ఇరవై డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఆ నెలల్లో ఉదయం రెండు మూడు గంటలు బల్బు వేస్తే సరి. మిగతా కాలమంతా, ఏసీ వేయని గదిలో, గది ఉష్ణోగ్రతే ఎక్కువ.

ఆ కొద్ది అవసరానికి ఏది కొనాలి? పాతకాలపు పసుపు బల్బు, 40 లేదా 60 వాట్లది, ఇప్పటికీ ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. కమేలియన్‌కి అదే సరిపోతుంది. "బాస్కింగ్ ల్యాంప్" అని పెట్టె మీద రాసి నాలుగింతల ధరకి అమ్మేదాంట్లో మనకి పనికొచ్చే ప్రత్యేకత ఏమీ లేదు. హాలోజన్ ఇంకా మంచి వేడి ఇస్తుంది కానీ చిన్న బోనులో వీపు కాలే భయం ఎక్కువ. సిరామిక్ హీటర్ వెలుగు లేకుండా రాత్రంతా వేడినిస్తుంది, మన ఊళ్లో దానితో పనే లేదు. వేడి రాళ్లు, అడుగున పెట్టే హీట్ ప్యాడ్లు అసలు వద్దు. చెట్టు మీద బతికే జంతువు ఇది, వేడి పైనుంచి వస్తుందని దానికి తెలుసు. కింద నుంచి కాలుతుంటే అది పక్కకి జరగదు.

కొలిచేటప్పుడు కొమ్మని కాదు, కొమ్మకి పైన వీపు వచ్చే ఎత్తుని కొలవాలి. వీల్డ్ తల మీది కిరీటం కొమ్మకి నాలుగంగుళాల పైన ఉంటుంది. కొమ్మ దగ్గర 31 ఉంటే కిరీటం దగ్గర నలభై కావచ్చు. వైరు చివర గుండు ఉండే డిజిటల్ థర్మామీటర్లు రెండు కొనండి, ఒకటి పైన, ఒకటి కింద. గుండ్రటి ముల్లు గడియారం లాంటివి నమ్మొద్దు.

జంతువు రంగు కూడా చెబుతుంది. పొద్దున్నే ముదురు రంగులో, ఒక పక్కకి తిరిగి ఒళ్లు వెడల్పు చేసుకుని ఎండకి చూపిస్తే ఇంకా వేడి కావాలని. బాగా పాలిపోయి, నోరు తెరుచుకుని, ఆకుల కిందికి దిగిపోతుంటే వేడి ఎక్కువైందని. ఊసరవెల్లిలా రంగులు మారుస్తాడని రాజకీయ నాయకుల్ని తిడతాం గానీ, ఈ జంతువు రంగు దాచేది తక్కువ, చెప్పేది ఎక్కువ.

అసలు ఖర్చు చల్లదనానికి

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. 43, 44 డిగ్రీల రోజున పై అంతస్తు గదిలో బోను పెట్టి ఆఫీసుకి వెళ్తే సాయంత్రానికి అది ఉండదు. 35 దాటితే ప్రమాదమని గుర్తు పెట్టుకోండి. రాత్రుళ్లు మరో సమస్య: మేలో తెల్లవారుజామున కూడా బయట 28 దగ్గర ఉంటుంది, స్లాబు కింద ఇంకా ఎక్కువ. రాత్రి చల్లబడకపోతే ఈ జంతువుకి ఒంట్లో సత్తువ తిరిగి రాదు.

అన్నిటికన్నా చవకైన మార్గం గది మార్చడం. కింది అంతస్తు, ఉత్తరం వైపు, పడమటి ఎండ తగలని గోడ. ఇది ఒక్కటే మూడు నాలుగు డిగ్రీలు తగ్గించగలదు. దాని తర్వాత ఏసీయా, కూలరా అన్న ప్రశ్న వస్తుంది. కూలర్ నీటి ఆవిరితో పనిచేస్తుంది. గాలి పొడిగా ఉంటేనే చల్లబరుస్తుంది. మేలో పడమటి వడగాలి కొట్టే మధ్యాహ్నం అది బాగానే పనిచేస్తుంది. సముద్రపు గాలి తిరిగి చెమటలు కారే రోజున మాత్రం గదిని ఆవిరి పట్టిన గదిలా మారుస్తుంది. తేమ, వేడి, కదలని గాలి మూడూ కలిస్తే కమేలియన్‌కి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వస్తుంది. పైగా తొట్టిలో రోజుల తరబడి నిలవున్న నీళ్లు. కూలర్‌ని నేను సిఫార్సు చెయ్యను.

ఏసీని 26 దగ్గర పెట్టి, గాలి నేరుగా బోను మీదికి కొట్టకుండా చూస్తే వేసవి గట్టెక్కుతుంది. రాత్రికి 24 చేయొచ్చు. ఏసీ వేస్తే రెండు పనులు అదనంగా పడతాయి. గాలి ఆరిపోతుంది కాబట్టి నీళ్లు ఎక్కువసార్లు చల్లాలి. గది 26కి వచ్చింది కాబట్టి, నడి వేసవి అయినా సరే, ఉదయం కాసేపు ఆ 40 వాట్ల బల్బు వెయ్యాలి. ఏసీ గదిలో హీట్ బల్బు ఏంటని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి. రోజంతా ఏసీ వేసే స్తోమత లేకపోతే ఈ ఊళ్లో కమేలియన్ వద్దు, నిజంగా.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఫ్యాను, యూవీబీ ట్యూబు నడుస్తాయి, ఏసీ నడవదు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాలు రెండు ఎప్పుడూ ఉంచుకుని, గుడ్డ చుట్టి బోను మీద పెట్టి ఫ్యాను వేస్తే గంటా రెండు గంటలు గడుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేదు. పెద్ద జంతువు నాలుగు రోజులు ట్యూబు లేకపోయినా, తిండి లేకపోయినా తట్టుకుంటుంది. నీళ్లు లేకుండా మాత్రం తట్టుకోదు.

బోను విషయంలో ఈ చర్చ అంతా కలిపి ఒకే జవాబు వస్తుంది: మెష్. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు. అద్దాల తొట్టి తేమ నిలుపుతుంది, మనకి తేమ కొదవ లేదు. లోపలికి మనీ ప్లాంట్, మందారం, ఫైకస్ చాలు. వీల్డ్ ఆకులు కొరుకుతుంది, మందార పువ్వులంటే ప్రాణం. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలకి మందు కొట్టి ఉంటుంది. ఆకులు బాగా కడిగి, కుండీ మట్టి మార్చి, కొన్ని వారాలు బయట ఉంచాకే బోనులో పెట్టండి.

నీళ్లు

గిన్నెలో పోస్తే తాగదు. కదిలే చుక్కనే నీళ్లని గుర్తిస్తుంది. ఆటోమేటిక్ మిస్టింగ్ మిషన్ సుఖమే, కానీ బోరు నీళ్లు పోస్తే దాని నాజిల్ ఉప్పు పట్టి మూసుకుపోతుంది, ఆర్ఓ టిన్ను నీళ్లే వాడాలి. దానికి డబ్బు లేకపోతే మెడికల్ షాపులో సెలైన్ సెట్ ఒకటి కొనండి. పైన సీసాకి తగిలించి, మనీ ప్లాంట్ ఆకు మీద చుక్క పడేలా పెట్టి, చక్రం తిప్పి రెండు సెకన్లకో చుక్క చేయండి. నేను చూసినంతలో ఇంతకన్నా మంచి డ్రిప్పర్ ఏ కంపెనీదీ లేదు. కింద ఒక బేసిన్ మర్చిపోవద్దు. పొద్దున లైటు వేయకముందు, రాత్రి ఆపాక చేతి స్ప్రేతో ఆకులు తడిపితే చాలు. పగలు ఆరనివ్వాలి.

రెట్టలో తెల్లటి భాగం తెల్లగా ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు. నారింజ రంగుకి తిరిగిందంటే చాలడం లేదు.

మేత: ఏ పురుగు, ఆ పురుగుకి ఏ ఆకు

ముందు వద్దన్నవి చెబుతాను, గుంటూరు జిల్లాలో ఇదే ముఖ్యం. పొలంలో పట్టిన మిడతలు పెట్టొద్దు. మిర్చి, పత్తి చేలల్లో ఎన్ని మందులు కొడతారో ఇక్కడ పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. మందు తగిలి ఇంకా చావని మిడత పట్టుకోవడానికి సులువుగా దొరుకుతుంది, ప్రమాదం అదే. మిణుగురు పురుగుల్లో విషం ఉంటుంది, ఒక్కటి కూడా పెట్టకూడదు. ఇంట్లో తిరిగే బొద్దింక ఏ జెల్ తిని వచ్చిందో మనకి తెలియదు.

పెంచిన పురుగుల్లో కీచురాయి ప్రధానం. కదులుతుంది, కమేలియన్‌కి ఇష్టం, కొవ్వు తక్కువ. రాత్రంతా అరుస్తుంది, వేసవిలో డబ్బాలో గుంపుగా చచ్చిపోయి కంపు కొడుతుంది. తినకుండా మిగిలినది రాత్రి నిద్రపోయే కమేలియన్‌ని కొరుకుతుంది కూడా, సాయంత్రానికి ఏరెయ్యాలి. డూబియా బొద్దింక అరవదు, వాసన లేదు, నున్నటి డబ్బా గోడ ఎక్కలేదు. ముప్పై డిగ్రీల్లో బ్రహ్మాండంగా పిల్లలు పెడుతుంది. అంటే మన వాతావరణంలో పైసా ఖర్చు లేకుండా పెరిగేది ఇదే. అమ్మనో అత్తగారినో ఒప్పించగలిగితే నా ఓటు డూబియాకే. గిన్నెలో వేసి పెట్టాలి, లేకపోతే మట్టిలో దూరి కనపడదు.

పక్షుల షాపుల్లో తేలిగ్గా దొరికేవి మీల్‌వార్మ్‌లు, సూపర్‌వార్మ్‌లు (పెంకు పురుగుల లార్వాలు). అవే రోజూ పెట్టేవాళ్లు చాలామంది. కొవ్వు ఎక్కువ, కాల్షియం నామమాత్రం, మీల్‌వార్మ్ తోలు గట్టిది. వారానికి రెండు మూడు సూపర్‌వార్మ్‌లు చిరుతిండిగా చాలు. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలో మిగతా పురుగులన్నిటికన్నా సహజంగానే కాల్షియం ఎక్కువ. కోళ్ల, చేపల మేతకి పెంచేవాళ్ల దగ్గర దొరుకుతుంది. అయితే అవి ఏ చెత్త మీద పెరిగాయో అడిగి తీసుకోండి. పట్టుపురుగు మెత్తగా, నీటితో నిండి ఉంటుంది, జబ్బుపడి లేచిన జంతువుకి మంచిది. మల్బరీ ఆకు దొరకడమే కష్టం.

పురుగు వెడల్పు కమేలియన్ రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. పిల్లకి రోజూ తినగలిగినంత, ఏడాది దాటినదానికి రోజు విడిచి రోజు నాలుగైదు. పెద్దదానికి అడిగినంత పెడితే కాలేయం కొవ్వు పడుతుంది.

ఏ పురుగైనా ఖాళీ కడుపుతో ఉంటే అది వట్టి పొట్టు. పెట్టే ముందు ఒక రోజంతా దానికి మంచి ఆకు తినిపించాలి. ఈ విషయంలో మనం విదేశీయుల కన్నా అదృష్టవంతులం, పెరట్లో మునగ చెట్టు ఉంది. మునగాకులో కాల్షియం పుష్కలం. అవిసె ఆకులో ఇంకా ఎక్కువ. వీటితో పాటు క్యారెట్, తీపి గుమ్మడి, బొప్పాయి ముక్క వేయండి. పాలకూర, గోంగూర, తోటకూర వద్దు. వాటిలోని ఆక్జాలిక్ ఆమ్లం కాల్షియంని పట్టేసుకుంటుంది. గుంటూరు గోంగూరని కాదనడం నాకూ కష్టమే, కానీ అది మన కంచంలోకే. తవుడు ఒక్కటే వేసి పెంచిన పురుగులో ఫాస్ఫరస్ ఎక్కువైపోతుంది, ఆకు తప్పనిసరి.

పొడులు

కీచురాయిలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ. కావాల్సింది దానికి తలకిందులు, రెండు పాళ్ల కాల్షియంకి ఒక పాలు ఫాస్ఫరస్. ఆ లోటు పొడితో పూడ్చాలి. రోజూ వేసేది డి3 లేని, ఫాస్ఫరస్ లేని ఒట్టి కాల్షియం పొడి. నెలకి రెండుసార్లు డి3 కలిసిన కాల్షియం, ఇంకో రెండుసార్లు రెటినాల్ రూపంలో విటమిన్ ఎ ఉన్న మల్టీవిటమిన్. యూవీబీ ట్యూబు బాగుంటే ఇంతకు మించి డి3 వద్దు. చర్మంలో తయారయ్యే డి3ని శరీరం హద్దులో పెట్టుకుంటుంది, నోటి ద్వారా వెళ్లినదాన్ని పెట్టుకోలేదు. ఎక్కువైతే మెడ కింద నీరు పట్టి ఉబ్బుతుంది.

పురుగుల్ని పొడవాటి గ్లాసులో వేసి, చిటికెడు పొడి చల్లి, రెండుసార్లు గుండ్రంగా తిప్పండి. పురుగు మీద పలచటి తెల్లటి పొర కనపడాలి. పిండిలో పొర్లించిన మిరపకాయ బజ్జీలా తెల్లగా అయిపోతే కమేలియన్ ఒకసారి నాలుకకి అంటించుకుని మళ్లీ ముట్టుకోదు.

సరుకు ఆలస్యమైతే పక్షుల షాపులో దొరికే సముద్రపు నురుగుని (కటిల్‌ఫిష్ ఎముక) గీకి, మెత్తగా నూరి, జల్లించి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. అది చాలావరకు కాల్షియం కార్బొనేటే. మనం వేసుకునే కాల్షియం మాత్రల్లో చాలావాటిలో డి3 కలిపే ఉంటుంది, రోజూ వేస్తే ఎక్కువైపోతుంది. పశువుల మినరల్ మిక్చర్‌లో ఫాస్ఫరస్ ఉంటుంది. కిళ్లీ కొట్టు సున్నం కూడా కాల్షియమే కదా అని అడిగినవాళ్లున్నారు. అది నోరు కాల్చేస్తుంది.

ఎప్పుడు కొనాలి

అక్టోబరు చివర, నవంబరు మొదట్లో. వానలు తగ్గుముఖం పట్టి, ఎండలు రావడానికి నాలుగు నెలలు గడువుంటుంది. పిల్ల జంతువు ఆ నాలుగు నెలల్లో గట్టిపడుతుంది, మీకూ దాని అలవాట్లు తెలుస్తాయి. ఫిబ్రవరి దాటాక ఎంత మంచి ధరకి వచ్చినా ఆగండి. ముందు బోను, మొక్కలు, ట్యూబు, థర్మామీటర్లు, డూబియా డబ్బా సిద్ధం చేసుకుని, రెండు వారాలు ఖాళీ బోనునే నడిపించి మధ్యాహ్నం ఎంత ఉంటోంది, తెల్లవారుజామున ఎంత ఉంటోంది రాసుకోండి. ఆ లెక్క చూసి సర్దాక జంతువుని తీసుకురండి.

డాక్టర్ని కూడా ముందే వెతుక్కోవాలి. కుక్కలు, పిల్లులు చూసే క్లినిక్కులు వీధికొకటి ఉన్నాయి, సరీసృపాలు చూసేవాళ్లు అరుదు. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో అడిగి, ఎవరు చూస్తారో పేరు, వేళలు రాసి పెట్టుకోండి. పగటిపూట కళ్లు మూసుకుని కూర్చున్నా, నోటి చుట్టూ జిగురు కనిపించినా, నాలుక గురి తప్పుతున్నా మర్నాటి దాకా ఆగకుండా తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ట్యూబు పెట్టెని, వాడే పొడి డబ్బాల్ని కూడా సంచిలో వేసుకెళ్లండి. డాక్టర్ మొదట అడిగేది వాటి గురించే.